నాలుగు ముడుల నల్లబాతు

గిరిధర్‌కు లెక్కలు రావని ఎవరూ అనలేరు. ఇంజనీరింగులో తనకు లెక్కల్లో ఎన్ని మార్కులొచ్చాయో ఆఫీసులో కొత్తగా చేరినవాళ్లకు మొదటి టీ చల్లారేలోపు చెప్పేసేవాడు. అంతటివాడిని ఏడు తర్వాత ఎంత అని అడిగితే మాత్రం తొమ్మిది అనేవాడు.

బెంగళూరు సర్జాపుర రోడ్డులో రెండంతస్తుల ఇల్లొకటి అద్దెకు తీసుకుని, బోర్డు తగిలించి, మొబైలు ఫోన్లకు ఆటలు తయారుచేసే కంపెనీ ఒకటి నడిచేది. గిరిధర్ అక్కడ మేనేజరు. 2005, 2006 సంవత్సరాల మాట ఇది. ఆ వ్యాపారంలో ఒక పద్ధతి ఉంది. ఆట పూర్తయ్యేదాకా ఆగరు. తయారవుతున్నకొద్దీ, ఎంతవరకు వచ్చిందో అంతవరకు విదేశంలో ఉన్న క్లయింటుకు పంపి చూపిస్తారు. ఏది ముందు పంపిందో ఏది తర్వాత పంపిందో తెలియాలి కనుక ఒక్కోదానికి ఒక నంబరు పెడతారు. 0.1, 0.2, 0.3 అని పెరుగుతూ పోయి, ఇక చేయాల్సింది ఏమీ లేదన్న రోజున 1.0 అంటారు. అంతే సంగతి. తొక్కుడుబిళ్ల ఆడే పిల్లలు ఇంతకన్నా కష్టమైన లెక్కను ఒంటికాలి మీద తప్పు లేకుండా చేస్తారు. ఇంత సులువైనదాన్ని పదకొండు నెలల్లో ఎవరికీ అంతుపట్టకుండా చేయడానికి ఒక మేనేజరూ, ఆయనకో ఏసీ గదీ, ఆ గది గోడ మీద ఇంగ్లిషులో నాలుగు సూక్తులూ కావలసివచ్చాయి.

అదంతా చివరిదాకా అంతుపట్టింది ఒక్కరికే. ఆ ఆఫీసులో నేల తుడిచే రత్నమ్మకు.

రత్నమ్మది సర్జాపుర పక్క పల్లె. ఇంట్లో తెలుగు, వీధిలో కన్నడ. బడికి పోయింది నాలుగేళ్లే కాబట్టి కన్నడ అక్షరాలు కూడబలుక్కుని చదువుతుంది, అంకెలు మాత్రం గడగడా చదువుతుంది. పెళ్లయి వచ్చిన ఇంట్లో పట్టుపురుగులు పెంచేవాళ్లు. అత్త మునివెంకటమ్మ ఆ పనిలో ఆరితేరిన మనిషి. కోడలు వచ్చిన రెండో రోజే వెదురుతట్ట చేతికిచ్చి పురుగుల ఇంట్లోకి తోలింది.

పట్టుపురుగు పుట్టినప్పటినుంచి గూడు కట్టేలోపు నాలుగుసార్లు చర్మం విడుస్తుంది. విడిచే ముందు మేత మాని, తల పైకెత్తి, ఒక రోజు పైగా కదలకుండా ఉండిపోతుంది. ఆ పక్కల దాన్ని జ్వరం అంటారు. ఒకటో జ్వరం, రెండో జ్వరం, అలా నాలుగు. పురుగు వయసు రోజుల్లో చెప్పరు, జ్వరాల్లో చెబుతారు. రెండో జ్వరం దాటిన పురుగుల్ని అమ్మేవాళ్లుంటారు, కొనేవాళ్లుంటారు. ఒకసారి ఒక పెద్దమనిషి మూడో జ్వరం దాటినవని చెప్పి తట్టలు దింపబోయాడు. మునివెంకటమ్మ ఒక పురుగును ఆకు మీదికి ఎక్కించుకుని వెలుతురులో చూసి, తట్టలు మళ్లీ వాడి బండిలోకే ఎక్కించింది. ఆ రోజు కోడలితో అన్న మాట రత్నమ్మ ఇప్పటికీ చెబుతుంది.

"అమ్మేవాని నోరు చూడొద్దు, పురుగు తలకాయ చూడు. జ్వరం దాటితే తల పెద్దదైతాది. వాడు మూడంటే మూడు కాదు, ముప్పై అంటే ముప్పై కాదు. దానికెన్నయితే అన్నే."

గుత్తకు తీసుకున్న మల్బరీ తోటను ఆసామి ఇళ్లస్థలాలు వేసే లేఅవుటు వాళ్లకు అమ్మేశాడు. 1999లో తోట పోయింది, మరుసటి ఏడాది అత్త పోయింది. రత్నమ్మ కొన్నాళ్లు అత్తిబెలెలో ఒక ఫ్యాక్టరీలో డబ్బాలు ప్యాక్ చేసింది. ఆపైన హౌస్‌కీపింగ్ కాంట్రాక్టరు దగ్గర చేరింది. కాంట్రాక్టరు కింద పనిచేసే మనిషికి ఊరంతా ఇల్లే. ఈ నెల ఒక బిల్డింగు, పై నెల ఇంకొకటి. నాలుగేళ్లలో ఆమెకు యూనిఫారం చీర రంగు మూడుసార్లు మారింది. సర్జాపుర రోడ్డు ఆఫీసు దొరికాక మాత్రం ప్రాణం కుదుటపడింది. ఇంటినుంచి నడిచిపోయేంత దూరం. ఇక్కడినుంచి కదలకూడదని ఆమె కోరిక. చెప్పుకోవడానికి చిన్నదే. కానీ పొద్దున్నే రెండు బస్సులు మారి, నిలబడి ప్రయాణం చేసి, దిగగానే మెట్లు తుడవడం మొదలుపెట్టే మనిషి మోకాళ్లను అడిగితే అది చిన్న కోరికో పెద్ద కోరికో తెలుస్తుంది.

ఆటలోకి ఆమెను దింపింది ఓంకార్. కర్నూలునుంచి వచ్చిన ప్రోగ్రామరు. ఆటలు పరీక్షించే ఇద్దరూ ఒకే రోజు వేరే కంపెనీకి వెళ్లిపోతే, ముప్పై రకాల ఫోన్లు బల్ల మీద పరుచుకుని దిక్కులు చూస్తున్నాడు.

"రత్నమ్మా, పని లేనప్పుడు కాస్త ఈ బటన్లు నొక్కుతా కూర్చుంటావా? ఆట ఎక్కడ చెడిపోతే అక్కడ చెప్పు."

"చెడగొట్టేదానికి గూడ మనిషి కావాల్నా అప్పా మీకు?"

"చెడగొట్టేవాళ్లం మేమున్నాం. నువ్వు చూసి చెప్తే చాలు."

ఆట ఏమిటంటే, మంచుగడ్డల మీద పెంగ్విన్ ఒకటి గెంతుకుంటూ చేపలు పట్టాలి. రత్నమ్మ దాన్ని నల్లబాతు అంది. వారం తిరిగేసరికి ఓంకార్ కూడా నల్లబాతే అన్నాడు. ఆ వారంలో ఆమె పట్టిన తప్పులు పదకొండు. వెళ్లిపోయిన ఇద్దరూ మూడు నెలల్లో పట్టినవి తొమ్మిది. ఆమెకు ఓపిక ఉంది. చిన్న పురుగుకు రోజుకు నాలుగుసార్లు లేతాకు సన్నగా తరిగి వేసిన చెయ్యి అది. ఒకే గెంతు రెండువందలసార్లు గెంతించినా విసుగు పుట్టదు.

గిరిధర్‌కు ఇది బాగా నచ్చింది. కాంట్రాక్టరు జీతంలో కంపెనీకి టెస్టరు దొరికితే ఎవరికి నచ్చదు? ఓంకార్ పుట్టినరోజు కేకు కోస్తున్నప్పుడు అందరి ఎదుటా ప్రకటించాడు.

"రత్నమ్మా, ఈ గేమ్ వన్ పాయింట్ జీరో రిలీజైన రోజు నిన్ను కంపెనీ రోల్స్‌లోకి తీసుకుంటాం. ఐడీ కార్డు మీద టెస్టర్ అని ఉంటుంది. ప్రామిస్!"

అందరూ చప్పట్లు కొట్టారు. చప్పట్లు కొట్టడానికి వాళ్లకేం పోయింది? రత్నమ్మ ఆ నంబరు మనసులో పెట్టుకుంది. ఒకటి పాయింటు సున్నా. అది వస్తే తాను ఇక్కడే ఉంటుంది. రాకపోతే కాంట్రాక్టరు ఎక్కడ విసిరితే అక్కడ.

ఆటకు అప్పటికి నంబరు 0.7. మరుసటి వారం ఫోన్లలో 0.9 కనిపించింది.

"ఏమప్పా ఓంకారప్పా, మొన్న ఏడు, ఈ పొద్దు తొమ్మిది. ఎనిమిది యాడికి పోయె?"

"ఎనిమిది శని నంబరంట. సార్ వద్దన్నాడు."

"శని పట్టేది నంబర్లకా, మనుషులకా?"

ఓంకార్ మానిటరు వెనక తలదాచుకుని నవ్వాడు.

గిరిధర్ చూపుడువేలికి పచ్చరాయి ఉంగరం, బల్ల సొరుగులో సంఖ్యాశాస్త్రం పుస్తకం. కారు నంబరు కూడితే తొమ్మిది రావాలి, ఫోను నంబరు కూడితే అయిదు రావాలి. తన డబ్బుతో తన కారుకు ఏం చేసుకున్నా ఎవరూ కాదనరు. కానీ ఆటకు ఎనిమిది తీసేస్తే ఏమైంది? ప్రోగ్రామర్ల కంప్యూటర్లలో దాని పేరు అప్పటికే 0.8. క్లయింటుకు పంపింది 0.9 అని. ఇక్కడ ఎనిమిది అంటే అక్కడ తొమ్మిది. తర్వాతి వారం ప్రోగ్రామర్లు తమ వరసలో తాము 0.9 తయారుచేసి అదీ పంపేశారు. ఇప్పుడు క్లయింటు దగ్గర రెండు తొమ్మిదులు. ఒకదాంట్లో బాతు మూడో మంచుగడ్డ మీద ఇరుక్కుంటుంది, రెండోదాంట్లో ఇరుక్కోదు. తొమ్మిదిలో తప్పుందని క్లయింటు రాస్తే, లేదని వీళ్లు రాశారు. ఇద్దరూ నిజమే చెప్పారు.

ఆ గొడవ సర్దడానికి గిరిధర్ తర్వాతదానికి 0.10 అని పెట్టాడు. తొమ్మిది తర్వాత పది కదా అని. క్లయింటు అది చూసి, మళ్లీ మొదటికొచ్చారేమిటని అడిగాడు. అది ఒకటి కాదు, పది అని గిరిధర్ రెండు పేజీల ఉత్తరం రాశాడు. అయితే 1.0 రావడానికి ఇంకా ఎన్ని రావాలి, పదకొండా, తొంభయ్యా అని క్లయింటు ఒక్క వాక్యంలో అడిగాడు. దానికి జవాబుగా గిరిధర్ నంబరు మార్చి 0.95 చేశాడు. 96, 97 రెండు వారాల్లో ఖర్చయ్యాయి. 98 అంటే తొమ్మిదీ ఎనిమిదీ పదిహేడు, పదిహేడంటే ఎనిమిది, మళ్లీ శని. దాన్ని కూడా దాటేసి 99కి వెళ్లాడు. తొంభైతొమ్మిది కూడితే పద్దెనిమిది, పద్దెనిమిది కూడితే తొమ్మిది. అంతకన్నా మంచి నంబరు ఈ లోకంలో లేదట. ఇక అక్కడే గుడారం వేసుకుని కూర్చున్నాడు.

ఆ తర్వాత నాలుగు నెలలు అన్నీ తొంభైతొమ్మిదులే. 0.99, 0.99 ఎ, 0.99 బి, 0.99 ఫైనల్, 0.99 ఫైనల్ కొత్తది, 0.99 ఇదే వాడండి. బెంగళూరులో ప్రతి ఇంటికీ పాత నంబరూ కొత్త నంబరూ ఉంటాయి. నిజమే, తికమకే. అయినా గేటు మీద రెండూ రాసిపెట్టి పోస్టుమాన్‌కు దయ చూపిస్తారు. గిరిధర్‌కు ఆపాటి దయ కూడా లేకపోయింది. సర్వరులో ఫైళ్ల పేర్లు ఆయన ఆ ఉదయం ఏ మాట అంటే ఆ మాట. పాత ఫైలు మీదే కొత్త పేరు, కొత్త ఫైలుకు పాత పేరు. అడిగినవాళ్లకు ఆయన ఇచ్చే జవాబు ఒకటే. "టెక్నికల్, మీకు అర్థం కాదు." అది ప్రోగ్రామర్లతో కూడా అనేవాడు.

రత్నమ్మ ఆ నంబర్ల వైపు చూడడం మానేసింది. పురుగుల ఇంట్లో ఏ రోజు పుట్టిన పురుగుల తట్టలకు ఆ రోజు గుడ్డపేలిక ఒకటి కట్టి, జ్వరం దాటినప్పుడల్లా పేలికకు ఒక ముడి వేసేవాళ్లు. ఇక్కడా అదే మొదలుపెట్టింది. ఆఫీసులో ఒక సొరుగు నిండా పనికిరాని ఫోన్లు పడి ఉండేవి. ఒకదానికి స్క్రీను మీద గీత, ఒకదానికి మూత లేదు, ఒకదానికి ఏడో బటను ఊడిపోయింది. ఓంకార్‌ను అడిగి, కొత్తగా తయారైన ప్రతి ఆటనూ వాటిలో ఒక ఫోన్లోకి ఎక్కించి, ఇక దాని మీద ఇంకోటి ఎక్కించకుండా దాచేది. ఫోనుకు పాత చీర పేలిక కట్టేది.

"ఈ ముడులేంది రత్నమ్మా?"

"జ్వరాలప్పా. అన్ని ఫోన్లలోనూ ఆట తెరుచుకుంటే ఒకటో జ్వరం దాటినట్ల. మొదటినుంచి కడాకు ఇరుక్కోకుండా బాతు పోయిందనుకో, రెండోది. ఆడతా ఉన్నప్పుడు ఎవరో ఫోన్ చేసినారు, మాట్లాడి పెట్టేసినాక బాతు యాడుండెనో ఆడనే ఉంటే మూడోది. బ్యాటరీ తీసి మళ్ల పెట్టినా పాయింట్లు గుర్తుంటే నాలుగు."

"నాలుగు దాటితే?"

"ఇంకేముండాది, గూడు కట్టేదే. మీరు ఒకటి పాయింటు సున్నా అంటారే, అది."

ఓంకార్ మొదటి రోజు నవ్వాడు. రెండో రోజు మరిచిపోయాడు. నాలుగో రోజు తనే వచ్చి, "రాత్రి చేసింది ఎన్నో జ్వరంలో ఉంది?" అని అడిగాడు. అప్పటినుంచి ఆ గదిలో అందరూ అట్లాగే అడిగారు. గిరిధర్‌కు తొంభైతొమ్మిది అని చెప్పేవాళ్లు, తమలో తాము రెండు అనుకునేవాళ్లు.

గిరిధర్ ఒకరోజు బల్ల మీద పేలికలు కట్టిన ఫోన్లు చూసి మొహం చిట్లించాడు. "ఆఫీసా ఇది, సంతా? క్లయింట్ విజిట్ ఉంది. ఆ గుడ్డలన్నీ తీసి పారెయ్." రత్నమ్మ ఫోన్లన్నీ తీసి ప్లాస్టిక్ బుట్టలో వేసి, చీపుర్లూ ఫినాయిలూ పెట్టుకునే అలమారలో పైఅరలో పెట్టింది. మేనేజరు అనేవాడు జీవితంలో తలుపు తెరిచి చూడని చోటు ఆఫీసులో ఏదైనా ఉందంటే అదే.

2006 ఉగాదికి రెండు రోజుల ముందు నాలుగో ముడి పడింది.

ఏడో బటను లేని ఫోన్లో ఉంది అది. పెంగ్విన్‌కు ఏడుతో పని లేదు. రత్నమ్మ ఒకటికి పదిసార్లు చూసింది. ఓంకార్ చేత పదిసార్లు ఫోన్ చేయించింది. ఎన్నిసార్లు బ్యాటరీ పీకినా బాతుకు తన పాయింట్లు గుర్తున్నాయి. దాన్ని క్లయింటుకు పంపారు, క్లయింటు బాగుందన్నాడు. రత్నమ్మ గిరిధర్ గది తలుపు దగ్గర నిలబడింది.

"సార్, అయిపోయింది. దీనికి ఇంక చేసేదేం లేదు."

గిరిధర్ కాసేపు ఆడి చూశాడు. "బాగానే ఉంది. కానీ ఏదో తక్కువైంది." పైకప్పు వైపు చూసి ఆలోచించాడు. "మంచు పడాలి. పైనుంచి. సన్నగా."

మంచు పడింది. రెండు వారాల పని. మంచు పడుతున్న ఆటలో ఎవరైనా ఫోన్ చేస్తే చాలు, బాతు గాలిలోనే బిగుసుకుపోయేది. మాట్లాడి పెట్టేశాక కూడా అట్లాగే ఉండేది. రత్నమ్మ వెళ్లి చెప్పింది.

"ఆట మధ్యలో ఫోన్ ఎంతమందికి వస్తుంది రత్నమ్మా? ప్రాక్టికల్‌గా ఆలోచించు."

"ఫోన్లో ఆడేవాళ్లకు ఫోన్ రాక ఉత్తరమొస్తాదా సార్?"

గిరిధర్ ఆ మాట విననట్టు కంప్యూటరు వైపు తిరిగాడు. ఆట నంబరు ఆ రోజూ తొంభైతొమ్మిదే.

జూన్ మొదటి వారంలో కాంట్రాక్టరు మనిషి వచ్చి చెప్పి వెళ్లాడు. జులై ఒకటినుంచి రత్నమ్మ డ్యూటీ వైట్‌ఫీల్డ్ వైపు కొత్త బిల్డింగులో, మళ్లీ రెండు బస్సులు. ఏడున్నరకల్లా ఉండాలి. రత్నమ్మ ఓంకార్‌ను అడిగింది. ఒకటి పాయింటు సున్నా ఎప్పుడొస్తుందని. అతనికీ తెలియదు. అతనికే తెలియకుండా చేశారని తర్వాత తెలిసింది.

ఆ ఆదివారం అత్తిబెలెలో తమ్ముడి ఇంటికి వెళ్లింది. తమ్ముడు నాగరాజ్ సరుకుల టెంపో నడుపుతాడు. కొత్త ఫోను కొన్నాడు.

"అక్కా, నీ బాతు దీంట్లో ఉండాది చూడు! నువ్వు చెప్తా ఉంటివే, అదే కదా? నిన్ననే ఎక్కించుకున్నా."

రత్నమ్మ ఫోను చేతిలోకి తీసుకుంది. మెనూలో అడుగున ఆట పేరూ నంబరూ కనిపించే చోటు ఎక్కడుందో ఆమె వేళ్లకు తెలుసు. అక్కడ 1.0 అని ఉంది.

ఆట తెరిచింది. పైనుంచి మంచు పడుతోంది, సన్నగా.

"నాగా, నీ పెండ్లాం ఫోన్లోనుంచి దీనికి ఒక కాల్ చెయ్."

నాగరాజ్ చేశాడు. మాట్లాడకుండానే పెట్టేశాడు. బాతు మంచులో గాలిలో వేలాడుతూ ఉండిపోయింది. నాగరాజ్ బటన్లన్నీ నొక్కి చూశాడు.

"ఏమైందక్కా దీనికి?"

"దీనికేం కాలేదు. మూడో జ్వరంలో ఉండేదాన్ని గూడు కట్టేదానికి పండిందని అమ్మినారు."

సోమవారం నేల తుడవకముందే గిరిధర్ గదికి వెళ్లింది.

"సార్, ఒకటి పాయింటు సున్నా వచ్చేసింది కదా?"

"ఎవరు చెప్పారు?"

"నా తమ్ముని ఫోను చెప్పింది."

గిరిధర్ కుర్చీలో వెనక్కి వాలాడు. ఇలాంటి ఘట్టాల్లో ఆయన గొంతు మెత్తబడుతుంది. "చూడు రత్నమ్మా. అది క్లయింట్ సైడ్ నంబర్. డెడ్‌లైన్ కోసం వాళ్లకలా ఇచ్చాం. మన ఇంటర్నల్ నంబరింగ్ ప్రకారం గేమ్ ఇంకా పాయింట్ తొంభైతొమ్మిదిలోనే ఉంది. నీకు మాటిచ్చింది ఇంటర్నల్ వన్ పాయింట్ జీరోకి. అది వేరు, ఇది వేరు. టెక్నికల్, నీకు అర్థం కాదులే."

"అర్థమయింది సార్. ఊరంతటికీ పెండ్లి భోజనం పెట్టేసినారు. ఇంట్లో మాత్రం ఇంకా పెండ్లిచూపులే అంటా ఉండారు."

ఒకే ఆటకు బయట ఒక వయసు, లోపల ఒక వయసు. బయటి వయసు క్లయింటును మోసం చేయడానికి, లోపలి వయసు నేల తుడిచే మనిషిని మోసం చేయడానికి. ఈ పనికోసం మనిషి పదహారేళ్లు చదువుకోవాలి. చదువు లేని మోసగాడు మునివెంకటమ్మ ఇంటి ముందు తట్టలు దింపబోయాడు, దొరికిపోయాడు, తలవంచుకుని బండి తోలుకుపోయాడు. వాడికి కాస్త సిగ్గు ఉంది.

రత్నమ్మ బకెట్టు తీసుకుని బయటికొచ్చింది.

పది రోజులు గడిచాయి. ఆట కొన్నవాళ్లందరికీ ఫోన్లు వస్తాయి కదా, వచ్చాయి. బాతులన్నీ గాలిలో బిగుసుకున్నాయి. క్లయింటునుంచి గురువారం ఉత్తరం వచ్చింది. మార్చి నెలాఖరున మీరు చూపించినది ఫోన్ వచ్చినా ఆగలేదు, తర్వాత అదే నంబరుతో వచ్చినవి దాన్ని చెరిపేశాయి, మా దగ్గర అది లేదు, అదే పంపండి, సోమవారంలోపు రాకపోతే మీతో మాకు ఇక పని లేదు. కంపెనీకి ఉన్నది ఆ ఒక్క క్లయింటే.

అందరూ సర్వరు మీద పడ్డారు. అక్కడ బాతు ఫైళ్లు అరవై రెండు. అందులో నలభై తొంభైతొమ్మిదులు, పేర్లు మార్చినప్పుడల్లా తేదీలూ మారిపోయాయి. మార్చిలో పంపినది 0.99 అని క్లయింటు ఉత్తరంలో రాశాడు. అంతవరకు చాలా ఉపయోగకరమైన సమాచారం! గిరిధర్ తన పుస్తకం తీయలేదు కానీ, ఉంగరం తిప్పుకుంటూ ఫైలు ఒకటి ఎంచి పంపించాడు. పేరు చివర ఫైనల్ అని రెండుసార్లు ఉంది కాబట్టి. శుక్రవారం జవాబు వచ్చింది. ఇది ఫోన్ వస్తే ఆగడం లేదు, బ్యాటరీ తీస్తే స్కోరు మరిచిపోతోంది, మీరు మాతో ఆడుకుంటున్నారా?

"రత్నమ్మను అడగండి సార్," అన్నాడు ఓంకార్.

"హౌస్‌కీపింగ్‌నా?"

"టెస్టర్‌ని."

గిరిధర్ ఆ ఆఫీసులో చేరాక మొట్టమొదటిసారి చీపుర్ల అలమార దాకా నడిచాడు. రత్నమ్మ తుడుపుగుడ్డలు పిండి ఆరేస్తోంది.

"రత్నమ్మా, ఉగాది ముందరిది నీ దగ్గరుందట?"

"ఉండాది సార్."

"ఏదీ, ఇవ్వు."

"నా ఒకటి పాయింటు సున్నా యాడుండాది సార్?"

"ఏంటిది, బ్లాక్‌మెయిలా?"

"ఆ మాటలు నాకేం తెలుసు సార్. టెక్నికల్."

ఓంకార్ దగ్గు వచ్చినవాడిలా అటు తిరిగాడు.

గిరిధర్ అరిచాడు, ఆ ఫోన్లు కంపెనీవన్నాడు. కంపెనీవే సార్, తీసుకోండి, అని రత్నమ్మ అలమార తలుపు బార్లా తెరిచింది. పైఅరలో బుట్ట, బుట్టలో పంతొమ్మిది ఫోన్లు, రంగురంగుల పేలికలు. కొన్నింటికి ఒక ముడి, కొన్నింటికి రెండు. చాలావాటికి మూడు. నాలుగు ముడులది ఆ బుట్టలో లేదు. ముడులంటే ఏమిటో గిరిధర్‌కు తెలియదు కూడా. ఎప్పుడూ అడగలేదు.

రెండు గంటల తర్వాత కాగితం ఒకటి పట్టుకొచ్చాడు. "ఇదిగో, అపాయింట్‌మెంట్ లెటర్. ఇక సంతోషమేనా?"

రత్నమ్మ చెయ్యి తుడుచుకుని తీసుకుంది. ఇంగ్లిషు ఆమెకు రాదు. పైనుంచి కిందికి అంకెలు మాత్రం చూసుకుంటూ వచ్చింది. అడుగున, మూలలో, చిన్న అక్షరాల పక్కన 0.9 అని ఉంది.

"ఇదేంది సార్?"

"ఏది? ఓ, అదా. డ్రాఫ్ట్ నంబర్. ఫార్మాట్ అంతే, పట్టించుకోకు. ఓనర్ సంతకం సోమవారం పెట్టిస్తా."

"దీంట్లో గూడ ఎనిమిది దాటించేసినారా?" కాగితాన్ని వచ్చిన మడతలోనే మడిచి ఆయన చేతిలో పెట్టింది. "ఇది ఇంకా జ్వరంలో ఉండాది సార్. లేసినాక తెండి."

తుడుపుగుడ్డలు ఇంకా నాలుగు మిగిలాయి. వాటిని పిండడం మొదలుపెట్టింది.

ఆ సాయంత్రం నాలుగున్నరకు రెండో కాగితం వచ్చింది. ఓనరు ఇంటికి కారు వెళ్లి సంతకం పెట్టించుకొచ్చింది. ముద్ర ఉంది, తేదీ ఉంది, మూలలో ఏ నంబరూ లేదు. రత్నమ్మ దాన్ని ఓంకార్‌కు ఇచ్చి గట్టిగా చదవమంది. అతను ఒక్కో వాక్యం తెలుగులో చెబుతుంటే గోడకు ఆనుకుని నిలబడి వింది. టెస్టర్ అన్న చోట మళ్లీ చదవమంది. కాంట్రాక్టరు ఇక ఆమెను ఎక్కడికీ పంపలేడన్న చోట మోకాలు ఒకసారి రుద్దుకుంది. కాగితాన్ని టిఫిన్ క్యారియరు సంచిలో పెట్టుకుని, అదే సంచిలోంచి ఏడో బటను లేని ఫోను తీసింది. ఉగాదినాటినుంచి అది ఆమె అన్నం డబ్బాతో పాటే వస్తూ పోతూ ఉంది. నాలుగు ముడులు.

ఓంకార్ ఆ ఫోనులో ఆట వివరాలు తెరిచాడు. అక్కడ ఆట సైజు అంకెల్లో ఉంటుంది. ఆ అంకెలతో సర్వరులో వెతికితే అరవై రెండింటిలో సరిగ్గా ఒకటే కలిసింది. గిరిధర్ స్వయంగా పెట్టిన పేరు దానికి. పాతది, వాడొద్దు.

దాన్నే పంపారు. ఏ నంబరు పెట్టారని అడిగితే, మూడు నెలల కిందటి ఆటకు 1.1 అని పెట్టారు. తర్వాత తయారైనదానికి 1.0, ముందు తయారైనదానికి 1.1. క్లయింటు సంతోషించాడు, గిరిధర్ ఆ సాయంత్రమే అందరికీ ఇంగ్లిషులో తన నాయకత్వం గురించి ఒక ఉత్తరం పంపుకున్నాడు. అందులో రత్నమ్మ పేరు లేదు, ఓంకార్ పేరు సగం తప్పుగా ఉంది.

ఐడీ కార్డు జులైలో వచ్చింది. ఫొటో కింద టెస్టర్ అని ఉంది. ఆ కంపెనీలో అప్పటికి పదహారుమంది ఉద్యోగులు, కాబట్టి ఆమె నంబరు పదిహేడు. గిరిధర్ దాన్ని చూసి ఉలిక్కిపడ్డాడు.

"అయ్యో రత్నమ్మా, పదిహేడు వద్దు. ఒకటీ ఏడూ ఎనిమిది అవుతుంది. శని. పద్దెనిమిది చేయిస్తా, ఆగు."

రత్నమ్మ కార్డు తాడు మెడలో వేసుకుంది.

"పదహారు తర్వాత పదిహేడే సార్. ఉండనీండి. ఆ పద్దెనిమిది, వచ్చేవాళ్లెవరో వస్తారు, వాళ్లకియ్యండి."